మా అన్నయ్య అంచనా తప్పదు

మా అన్నయ్య వేసిన అంచనా ఇంతవరకు తప్పలేదు. ఈ మాట నేను చెప్పడం లేదు. ఆయన గది గోడకు వరసగా తగిలించిన జ్ఞాపికలు చెబుతున్నాయి. ఈ మహానగరానికి వచ్చే ఏడాది ఎన్ని నీళ్లు కావాలో, అందులో ఏ పేటకు ఎన్ని పంపాలో ముందుగా లెక్కగట్టి చెప్పడం ఆయన ఉద్యోగం. ఆఫీసులో ఆయన్ని జోస్యం సారు అంటారు. మొదట్లో ఎవరో వెటకారానికి అన్న మాట అది. ఆయన బిరుదనుకుని ఉంచేసుకున్నాడు. వెటకారం తగలాలంటే మనిషిలో కాస్త తడి ఉండాలి. ఊరి నీళ్లన్నీ చేతిలో ఉన్న మా అన్నయ్యకు ఆ తడి మాత్రం సరఫరా కాలేదు.

ఆయన తీరు నాకు చిన్నప్పుడే తెలుసు. అమ్మ పొద్దున్నే పనికి వెళ్లేది. పాలు కాచి పెట్టి, గ్లాసుల్లో పోసే పని పెద్దవాడు కదా అని అన్నయ్యకు అప్పగించేది. మొదటిరోజు నా గ్లాసులో సగానికి పోశాడు. తాగేసి, గ్లాసు అడుగు నాకేశాను. మర్నాడు ఇంకొంచెం పొయ్యమన్నాను. "నిన్న సగమే తాగావు కదా, ఇవాళ ఎక్కువెందుకు?" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. నిన్న నేను తాగింది సగమే. ఏడ్చాను. ఏడుపు ఆయన లెక్కలోకి ఎక్కదు.

పోనీ మిగిలిన పాలు తనే తాగేవాడా అంటే అదీ కాదు. తాగి ఉంటే దొంగవెధవ అని తిట్టుకుని ఊరుకునేదాన్ని. గిన్నెలో మిగిలినవి సాయంత్రం అమ్మకు చూపించి, చెల్లికి పాలంటే పెద్దగా ఇష్టం లేదమ్మా అని చెప్పి, పొదుపరి అనిపించుకునేవాడు. ఒకరోజు అమ్మ ఇంట్లో ఉండగా నా మోచెయ్యి తగిలి గ్లాసు బోర్లా పడింది. అమ్మ వాడిని కసిరి మళ్లీ పోయించింది. మర్నాడు నాకు గ్లాసు నిండా పాలు వచ్చాయి. నిన్న రెండుసార్లు పోశాం కదా అన్నాడు. నేను తాగేసి మూతి తుడుచుకున్నాను. అందులో నేర్చుకోవలసింది ఒకటుందని తెలిసే వయసు కాదది.

అలాంటివాడు బాగా చదివాడంటే ఆశ్చర్యం లేదు. అడిగిన ప్రశ్నకు పుస్తకంలో ఉన్న జవాబు రాసేవాడికి మార్కులు రాక నాకొస్తాయా? నీటి సరఫరా ఆఫీసులో చేరాడు. రెండో అంతస్తులో గది, కిటికీలకు మందపాటి తెరలు, గోడకు గీతల పటాలు, బల్లమీద మూతపెట్టిన గాజు గ్లాసు. ఆ గ్లాసు సగం ఖాళీ అయితే చాలు, అటెండరు వచ్చి నింపి పోతాడు. అడగనక్కర్లేదు.

ఆయన పని చేసే పద్ధతి ఒకసారి వదిన వివరంగా చెప్పింది. వదినకు లెక్కలు రావు కానీ మొగుడు వచ్చు. పెద్ద పైపు ఒక్కో పేటవైపు మళ్లే చోట ఒక్కో పెద్ద మీటరు ఉంటుంది. ఈ ఏడాది ఆ మీటరు ఎంత తిరిగిందో చూసి, అంతకుముందు ఏళ్లతో పోల్చి, పెరుగుతోందా తరుగుతోందా అని గీత గీస్తాడు. ఆ గీత కొస ఎక్కడికి పోతుందో అదే వచ్చే ఏడాది ఆ పేట అవసరం. ఆ కాగితం పట్టుకుని వాల్వు తిప్పేవాళ్లు అన్ని చుట్లే తిప్పుతారు. తెరిచినన్ని నీళ్లే వెళతాయి. వెళ్లినన్నే మీటరు చూపిస్తుంది. ఏడాది చివర ఆయన రాసిన అంకె, మీటరు అంకె అన్నదమ్ముల్లా పక్కపక్కన నిలబడతాయి. పెద్దసారు చప్పట్లు కొడతాడు. ఇందులో తప్పు దొర్లడానికి చోటేదీ? గానుగెద్దు కూడా ఎన్నడూ దారి తప్పలేదు.

మా కాలనీ కొండమీద ఉంది. పైపు వేసినవాళ్లు కిందివరకు బాగానే వేశారు. పైకి నీళ్లు వాటంతటవే ఎక్కుతాయనుకున్నారు కాబోలు. ఉన్న మోటారు ముసలిది. మొదటి వరస ఇళ్లదాకా నీళ్లు ఆయాసపడుతూ వస్తాయి, మా వరసకు వచ్చేసరికి కుళాయి దగ్గుతుంది. మా ఆయనా నేనూ ఇక్కడే లాండ్రీ నడుపుతున్నాం. ఉతకడం నాది, ఇస్త్రీ ఆయనది. నీళ్లతో బతికే వ్యాపారం నీళ్లు ఎక్కని కొండమీద పెట్టినందుకు అన్నయ్య నన్ను చాలాసార్లు వెక్కిరించాడు. మేం వచ్చినప్పుడు నీళ్లు బాగానే ఎక్కేవి. చుట్టూ ఊరు పెరిగిన కొద్దీ మాకు తగ్గుతూ వచ్చాయి. ఏడాదికేడాది మాకు తక్కువ వచ్చాయి కాబట్టి, ఏడాదికేడాది మాకు తక్కువ కావాలని అన్నయ్య రాస్తూ వచ్చాడు.

మిగతాది ట్యాంకర్లతో గడుపుకునేవాళ్లం. ట్యాంకరు మోత వినగానే కొండ కొండంతా బిందెలతో రోడ్డుమీద ఉండేది. చేతి నరాలు తేలిపోయిన పక్కింటి నర్సమ్మ, కొండమీద సగంమంది తల్లులకు పురుడు పోసిన మనిషి, ఒక బిందె కోసం నిన్న మొన్నటి పిల్లలతో పోట్లాడేది. ఆ ట్యాంకరు నీళ్లేవీ పెద్ద మీటరు గుండా రావు కదా. మీటరు గుండా రాని దాహం దాహం కాదు.

పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. రొట్టె చూసి ఆకలి కొలవమని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ పని మా అన్నయ్య సొంతంగా కనిపెట్టాడు.

ఇదంతా ఒక ఎత్తు, పొదుపు బహుమతి ఒక ఎత్తు. నగరంలో మనిషికి అతి తక్కువ నీళ్లు వాడే ఆదర్శ కాలనీ అని మా కొండకు ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. ఇవ్వడానికి అన్నయ్యే ఆఫీసు కారులో వచ్చాడు. బడి ఆవరణలో షామియానా వేశారు. కొండవాసులు పొదుపును జీవన విధానంగా మార్చుకున్నారని, కింద అపార్టుమెంట్లవాళ్లు వీళ్లను చూసి నేర్చుకోవాలని ప్రసంగించాడు. ఆ పత్రం నర్సమ్మ చేతికిచ్చారు. ఆవిడ రెండు చేతులతో పుచ్చుకుని, దండం పెట్టి, తాగడానికి కాసిని నీళ్లిప్పించండి నాయనా అంది. వేదిక మీద సీసా ఉంటే అది ఇచ్చారు. జనం నవ్వారు. అన్నయ్యా నవ్వాడు. ఆవిడ ఎందుకు అడిగిందో అర్థమైతే నవ్వు వచ్చేది కాదు.

ఆ ఏడాదే పెద్ద ట్యాంకు మాట వచ్చింది. కొత్త మోటారుతో సహా ఒక ఎత్తయిన ట్యాంకు కడతారు, ఒక్కటే. అది మా కొండకైనా రావాలి, కింద కొత్తగా లేస్తున్న టవర్లకైనా పోవాలి. ఎక్కడ అవసరం పెరుగుతోందో అక్కడ కట్టాలని పెద్దసారు తీర్మానించాడు. అవసరం ఎక్కడ పెరుగుతోందో చెప్పేది మా అన్నయ్య. ట్యాంకు రాకపోతే లాండ్రీ మూసి, మెషీన్లు కిందకు దించి, అద్దె ఇంట్లో మళ్లీ మొదలుపెట్టాలి. మాకు ఆ ఓపిక లేదు. నర్సమ్మకైతే దిగడానికి కిందొక చోటు కూడా లేదు.

ఇంతకాలం తోబుట్టువుని పనికి వాడుకోకూడదని ఊరుకున్నాను. ఆ ఆదివారం సిగ్గు చంపుకుని ఆయన ఇంటికి వెళ్లాను. సోఫాలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. సంగతంతా చెప్పాను. విన్నాడు. వినడంలో ఆయనకెప్పుడూ లోటు లేదు, గోడ కూడా వింటుంది.

"మీ పేట గీత కిందికి పోతోందమ్మా. నేనేం చెయ్యను?" అన్నాడు.

"నీళ్లు రాకపోతే ఎలా వాడతాం అన్నయ్యా?"

"వాడనిది అవసరమని ఎలా రాయమంటావు?"

ట్యాంకర్ల సంగతి రాయమన్నాను. ఆ గడి మా పట్టికలో లేదన్నాడు. ఒకసారి పైకి వచ్చి పొద్దున్నే కుళాయి దగ్గర నిలబడమన్నాను. కళ్లతో చూసినవి రాయడం మొదలుపెడితే శాస్త్రం ఏమవుతుందన్నాడు. లోపలినుంచి వదిన వచ్చింది. అసలు సంగతి ఆవిడ చెప్పింది. మీ కొండకు ఎక్కువ కావాలని రాశాడే అనుకో, ఆ ఎక్కువ నీళ్లు ముసలి మోటారుతో ఎలాగూ ఎక్కవు, ఏడాది చివర మీటరు తక్కువ చూపిస్తుంది, ఈయన అంచనా తప్పుతుంది. ఇన్నేళ్లుగా తప్పని అంచనా నీ బిందెల కోసం తప్పుతుందా అమ్మా, అంది. అన్నయ్య కాదనలేదు. పేపరు తిప్పాడు.

అప్పుడు నాకు కోపం రాలేదు. కోపం మనుషుల మీద వస్తుంది. ఒక ఊరి గొంతు ఎండుతున్నా తన అంకెకు మచ్చ రాకూడదనుకునే ఈ పెద్దమనిషిని చూసి రోత పుట్టింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగినా పెట్టని అన్నకు ఏ సామెతా లేదు. వదిన కాఫీ తాగి వెళ్లమంది. తాగకుండా వచ్చేశాను.

ఎండలు ముదిరాక కొండ దిగువన, పెద్ద మీటరు దాటగానే ఉన్న మలుపులో, పైపు పగిలింది. పెద్ద లారీ ఏదో ఎక్కి ఉంటుంది. కొండ ఎక్కడానికి ఇన్నేళ్లు మూలిగిన నీళ్లు, ఎక్కే పని తప్పడంతో, ఉరకలేస్తూ బయటికి వచ్చాయి. రోడ్డు పక్క కాలువ నిండి, మైదానంలో చెరువు కట్టింది. బాతులు వచ్చాయి. పైన మాకు వచ్చే సన్నధార కూడా ఆగిపోయింది. కాలనీ అంతా వెళ్లి ఫిర్యాదు ఇచ్చింది. చూస్తామన్నారు. మళ్లీ వెళ్లాం. ఫిట్టరు సెలవులో ఉన్నాడన్నారు. మళ్లీ వెళ్లాం. పైపు కొలత దొరకడం లేదన్నారు. వాళ్ల ఆఫీసులో దొరకనిది ఏదైనా ఉందంటే అది పనిచేసే మనిషి.

అలా ఉండగా వదిన ఫోను చేసింది. మీ అన్నయ్య రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు, అంది. ఒంట్లో బాగాలేదా అన్నాను. ఒళ్లు దివ్యంగా ఉంది, కొండ పేట మీటరు ఉన్నట్టుండి గిర్రున తిరుగుతోందట, అంచనా తప్పేలా ఉందని బెంగ, అంది. ఇంత వాడకం ఎందుకు పెరిగిందా అని గదిలో కూర్చుని ఆలోచిస్తున్నాడట. జనానికి జీవన ప్రమాణం పెరిగిందని రాశాడట. కొండమీద కొత్తగా లాండ్రీలు వెలిశాయేమో అని కూడా రాశాడట.

ఫోను పెట్టేశాను. బోర్లా పడిన పాల గ్లాసు గుర్తొచ్చింది. ఒలికిందో తాగామో ఆయనకు తేడా లేదు. ఒకే ఇంట్లో పెరిగి, ఆయన చేతి పాలు తాగి, ఈ ఒక్క ముక్క నాకు ఇప్పుడు వెలిగింది.

సాయంత్రం కాలనీవాళ్లను మా లాండ్రీ ముందు కూర్చోబెట్టి చెప్పాను. ఫిర్యాదులు ఇక వద్దు, పైపు అలాగే పోనివ్వండి, మీటరు తిరగనివ్వండి. మొదట నాకు ఎండ దెబ్బ తగిలిందనుకున్నారు. కళ్లముందు నీళ్లు అలా పోతుంటే నోరు మూసుకు కూర్చోమంటావా అని ఒకాయన లేచాడు. నర్సమ్మ మాత్రం నా మొహంలోకి చూస్తూ కూర్చుంది.

"మనం తాగిన నీళ్లు వాళ్లకు కనబడలేదు. పారబోసినవి కనబడతాయంటావు. అంతేనా?" అంది.

అంతేనన్నాను. ఆవిడ లేచి చీర దులుపుకుని, అయితే ఈ ఎండాకాలం ట్యాంకరుకే మొక్కుకుందాం పదండి అంది. అందరూ లేచారు.

మనం వద్దనుకున్నప్పుడే పని జరగడం ఈ లోకం తీరు. వారం తిరక్కముందే ఫిట్టరు సరంజామాతో దిగాడు. నేనూ నర్సమ్మా పరుగున వెళ్లాం. ఈ ఎండలో ఎందుకు బాబూ, వచ్చి కాసేపు నీడన కూర్చో, అని తీసుకొచ్చి టీ ఇచ్చాం. పైపు పగులు పెద్దదని, చిన్న అతుకుతో ఆగదని, పై అధికారి వచ్చి చూడాలని నర్సమ్మ అతనికి తోచేలా చేసింది. తోచడానికి ఎక్కువసేపు పట్టలేదు. పని చెయ్యవద్దనే మనుషుల్ని తన ఉద్యోగంలో మొదటిసారి చూశానని, ఇలాంటి కాలనీ ఊరికొకటి ఉండాలని మెచ్చుకుని వెళ్లిపోయాడు. వచ్చి చూడవలసిన పై అధికారి ఆ ఏడాదంతా రానేలేదు.

ఆ ఎండాకాలం ఎలా గడిచిందో తలుచుకోను. లాండ్రీలో పెద్ద దుప్పట్లు తీసుకోవడం మానేశాం. ఉతికిన నీళ్లతోనే నేల, ఆ నేల నీళ్లతోనే మరుగుదొడ్డి. ఒక్క చెంబు ఎక్కువ వంపితే మా ఆయన్ని వీధి వినేలా కసిరేదాన్ని. కిందికి చూస్తే మైదానంలో బాతులు ఈదుతుండేవి.

అన్నయ్య మాత్రం తేరుకున్నాడు. అంచనా తప్పుతుందనుకున్నప్పుడు తెలివైనవాడు ఏం చేస్తాడు? మధ్యలో సవరిస్తాడు. కొండ పేట అవసరం అనూహ్యంగా పెరిగిందని, దాన్ని తాను ముందే పసిగట్టానని సవరించిన అంచనా పంపాడు. ఏడాది చివర ఆ సవరించిన అంకె, మీటరు అంకె మళ్లీ అన్నదమ్ముల్లా నిలబడ్డాయి. గోడమీద ఇంకో జ్ఞాపిక ఎక్కింది. గీత నిటారుగా పైకి లేచింది కాబట్టి ట్యాంకు మా కొండకే వచ్చింది.

ట్యాంకు కట్టి, పాత పైపు తీసి కొత్తది వేసి, ప్రారంభోత్సవం పెట్టారు. అన్నయ్య మళ్లీ ఆఫీసు కారులో వచ్చాడు. అదే బడి, అదే షామియానా. ఈ నగరంలో ప్రజలు అడగనక్కర్లేదని, వాళ్ల అవసరం అంకెలే చెబుతాయని ప్రసంగించాడు. కొత్త ట్యాంకు కుళాయి తిప్పాడు. నీళ్లు రావడం చూసి నర్సమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుపు లెక్కలోకి రాకపోయినా వస్తుంది.

ఆ తర్వాత అన్నయ్య, వదిన మా ఇంటికి భోజనానికి వచ్చారు. చేతులు కడుక్కుంటూ, చూశావా, అప్పుడు వచ్చి బతిమాలావు, చివరికి నీ అన్న శాస్త్రమే మీకు నీళ్లు తెచ్చింది, అన్నాడు. చెప్పకూడదనుకున్నాను. ఆ "శాస్త్రం" అన్న మాట దగ్గర నోరు ఆగలేదు.

"అన్నయ్యా, ఆ మీటరు తిరిగింది మేం వాడి కాదు. కింద పైపు పగిలి రోడ్డు తాగింది. మేం చుక్క ఎరగం."

వదిన చేతిలో గరిటె ఆగింది. అన్నయ్య నాప్కిన్‌తో చేతులు తుడుచుకుంటూ ఆలోచించాడు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన మొహంలో ఏదో కదిలింది. సిగ్గేమో అనుకున్నాను. ఒక్క క్షణం జాలి కూడా వేసింది. అన్నే కదా.

"ఆ పైపు ఇప్పుడు బాగుచేశారుగా?" అన్నాడు.

"కొత్తదే వేశారు."

"అయితే వచ్చే ఏడాది మీ పేట వాడకం పడిపోతుందన్నమాట. మంచిదైంది చెప్పావు. లేకపోతే నా అంచనా తప్పేది," అని కంచం ముందుకు లాక్కున్నాడు. "మీటరు కిందికొస్తే మీ కోటా కూడా తగ్గించి రాయాలి."

ఆ పూట వదిన మొగుడితో కలిసి తినలేదు. వంటింట్లో నా పక్కన నిలబడి తింది. అన్నయ్య బాగానే తిన్నాడు.

ఇప్పుడు మా కొండమీద పొద్దున్నే కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయి. వంటకు, ఒంటికి, లాండ్రీకి సరిపోగా మిగులుతాయి. ఆ మిగిలినవి మిగల్చకూడదు. మిగిలితే మీటరు తిరగదు, మీటరు తిరగకపోతే వచ్చే ఏడాది ఆ మేరకు మాకు అక్కర్లేదని మా అన్నయ్య రాస్తాడు, రాసినంతే వాల్వు తిప్పుతారు. అందుకని పని అయిపోయాక వీధిలో ఇంటికొక కుళాయి వదిలేస్తాం. చేతి నరాలు తేలిన నర్సమ్మ కూడా తనది వదిలేస్తుంది. ఆవిడ అటు చూడదు. నేనూ చూడలేక లోపలికి వచ్చి బట్టలు మడతపెడుతూ కూర్చుంటాను. మోరీలోకి పడే చప్పుడు లోపలికీ వినబడుతుంది. ఒక్క చెంబు కోసం మా ఆయన్ని కసిరిన దాన్ని, ఆ చప్పుడు వింటుంటే ఒళ్లంతా మండిపోతుంది. లేచి కట్టేద్దామనిపిస్తుంది. కట్టను.